గ్రేస్ అంటే అందమేనా? అనువాదకుడి బల్ల మీది అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ నుంచి తెలుగు చేసిన కాగితాలు దిద్దడం నా పని. గ్రేస్ అన్న మాట కనబడగానే నిఘంటువులో మొదటి అర్థం దించేసి ముందుకెళ్లిన ప్రతులు వస్తూనే ఉంటాయి. బీమా పత్రంలో 'దయా కాలం' అని ఉంటుంది. నాటకంలో సేవకుడు డ్యూక్ అనే పెద్ద ప్రభువు ముందు చేతులు కట్టుకుని 'మీ కృపా!' అంటాడు. పదేపదే ఎదురయ్యే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: అసలు అర్థం అందం. మిగతావన్నీ దాన్నుంచి పుట్టాయి.

హీరో స్టెప్పులేస్తే 'ఏం గ్రేస్ రా!' అనుకునే వాళ్లం కాబట్టి మనకు అలా అనిపించడం సహజమే. కానీ ఇంగ్లిష్ రాతల్లో ఈ మాట ముందు కనబడేది దైవానుగ్రహం అనే అర్థంలో. నడకలో, కదలికలో సొగసు అనే వాడుక ఆ తర్వాతిది. మూలమైన లాటిన్ 'గ్రాషియా' ఇంకా విశాలం: ఇష్టం, ఆదరణ, చేసిన మేలు, ఆ మేలుకు చెప్పే కృతజ్ఞత, అన్నీ అందులోనే. ఇచ్చేవాడి మనసుకీ పుచ్చుకునేవాడి మనసుకీ ఒకటే మాట. భోజనానికి ముందు చెప్పే ప్రార్థనను గ్రేస్ అనడం ఈ రెండో వైపు నుంచి వచ్చింది. అక్కడ అడగడం కన్నా ధన్యవాదం చెప్పడమే ముఖ్యం.

గ్రీకు పురాణాల్లో గ్రేసెస్ అనే ముగ్గురు దేవతలున్నారు: అగ్లాయా, యూఫ్రోసిని, థలాయా. బొమ్మల్లో చేతులు కలుపుకుని కనబడతారు. వీళ్లు ముగ్గురే ఎందుకు అన్నదానికి రోమన్ తత్వవేత్త సెనెకా ఒక వివరణ చెప్పాడు: ఒకరు మేలు చేస్తారు, ఒకరు అందుకుంటారు, ఒకరు తిరిగి ఇస్తారు. అందానికీ ఇచ్చిపుచ్చుకోవడానికీ ఉన్న చుట్టరికం నాకు ఇక్కడ కనబడినంత స్పష్టంగా ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

అందం అనే అర్థంలో వాడినప్పుడు కూడా ఒక చిక్కుంది. ఒయ్యారం, హొయలు అన్న మాటలు తెలుగులో ఆడవాళ్ల నడకకి అతుక్కుపోయాయి. ఫాస్ట్ బౌలర్ పరుగును 'ఒయ్యారంగా' అంటే చదివేవాడు నవ్వుతాడు. అక్కడ 'ఎక్కడా తడబాటు లేకుండా' అని విడమరిచి రాస్తేనే నయం.

అపోహ: గ్రేస్, మెర్సీ ఒకటే.

తెలుగు బైబిల్లో తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రిక తెరవండి. పలకరింపులోనే 'కృపయు కనికరమును సమాధానమును' అని వరసగా ఉంటాయి. రెండూ ఒకటే అయితే పక్కపక్కన పెట్టే అవసరం లేదు. పడాల్సిన శిక్ష తప్పించడం మెర్సీ, అంటే కనికరం. అర్హత లేకపోయినా మేలు చేయడం గ్రేస్, అంటే కృప. ఆ మేలులో మనిషి ప్రయత్నానికి వాటా ఉందా లేదా అని అయిదో శతాబ్దంలో క్రైస్తవ పండితులు అగస్టీన్, పెలాజియస్‌ల పక్షాలు తలపడ్డాయి. పదహారో శతాబ్దంలో చర్చి కాథలిక్కులు, ప్రొటెస్టంట్లుగా చీలినప్పుడూ వివాదం దీని చుట్టూనే తిరిగింది. దీని గురించి కాథలిక్కులు, ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన లూథరన్లు ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేసింది 1999లో. కాబట్టి మతగ్రంథంలో ఈ మాట వస్తే 'దయ' అని రాసి ఊరుకోకూడదు.

అపోహ: గ్రేస్ పీరియడ్ అంటే గడువు పొడిగించినట్టే.

అనువాదం తేడా వస్తే జేబుకి చిల్లు పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చూద్దాం.

జీవిత బీమాలో ప్రీమియం కట్టాల్సిన తేదీ ఎక్కడికీ జరగదు. తేదీ దాటినా కొన్నాళ్లపాటు పాలసీ రద్దు కాకుండా ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో పాలసీదారు చనిపోతే సాధారణంగా క్లెయిమ్ ఇస్తారు, కట్టని ప్రీమియం అందులోంచి మినహాయించుకుంటారు. ఆ రోజులూ దాటితే పాలసీ ల్యాప్స్. క్రెడిట్ కార్డులో దీని అర్థం వేరు. అక్కడది బిల్లు తయారైన రోజుకీ కట్టాల్సిన తేదీకీ మధ్య కాలం, అంటే గడువుకు ముందుది. మొత్తం బాకీ కడితేనే వడ్డీ ఉండదు. 'మినిమమ్ డ్యూ', అంటే బిల్లులో చూపే కనీస మొత్తం మాత్రం కట్టి ఊరుకుంటే సాధారణంగా ఆ వెసులుబాటు పోతుంది, కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చదువు అప్పులో ఇంకో రకం: ఆ కాలంలో వాయిదాలు కట్టక్కర్లేదు గానీ, చాలా అప్పుల్లో వడ్డీ లోపల పెరుగుతూనే ఉంటుంది.

మూడింటికీ ఒకే తెలుగు మాట పెడితే మూడుచోట్లా మోసమే. నేను 'గ్రేస్ పీరియడ్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అదేమిటో ఒక వాక్యంలో చెబుతాను.

పేరులో దయ ఉన్నా ఇది ఎవరి దయా కాదు. ఒకప్పుడు హుండీ, అంటే ఫలానా తేదీకి సొమ్ము ఇవ్వాలని వర్తకులు రాసుకునే పత్రం (ఇంగ్లిష్‌లో బిల్ ఆఫ్ ఎక్స్‌ఛేంజ్) గడువు తీరాక, ఆ సొమ్ము చెల్లించడానికి వర్తకులు మర్యాదకొద్దీ మరో మూడు రోజులు ఆగేవారు. ఆ మర్యాద ఆచారమైంది, ఆచారం హక్కయింది. బ్రిటన్‌లో 1882 బిల్స్ ఆఫ్ ఎక్స్‌ఛేంజ్ చట్టం ఆ మూడు రోజులను రాతపూర్వకం చేసింది. 1971లో మళ్లీ చట్టంతోనే తీసేశారు.

అపోహ: 'దేవుని గ్రేస్ వల్ల రాజు' అనడం వినయం.

వినయంలా వినబడుతుంది, నిజానికి అధికార ప్రకటన. నా కిరీటం దేవుడిచ్చింది, మీరిచ్చింది కాదు అని దాని భావం. బ్రిటిష్ నాణేల మీద రాజు పేరు పక్కన 'డి జి' అని రెండక్షరాలు ఉంటాయి, లాటిన్‌లో 'దేయి గ్రాషియా'కు పొడి అక్షరాలు. 1849లో తెచ్చిన ఫ్లోరిన్ నాణెం మీద అవి లేవు. జనం గోలచేశారు, దాన్ని గాడ్‌లెస్ అనీ గ్రేస్‌లెస్ అనీ ఎగతాళి చేశారు. 1851 నుంచి వచ్చిన కొత్త నమూనాలో ఆ అక్షరాలు తిరిగొచ్చాయి.

'యువర్ గ్రేస్' ఇప్పుడు డ్యూకులకూ ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్పులకూ వాడే పిలుపు. ఎనిమిదో హెన్రీ కాలం దాకా రాజులనూ అలా పిలిచేవారు గనక కథ ఏ కాలానిదో చూసుకోవాలి. తెలుగులో 'ఏలినవారు', 'ప్రభువులవారు' చక్కగా అతుకుతాయి.

అపోహ: గ్రేస్ నోట్ అంటే తీసేసినా ఫర్వాలేని అలంకారం.

పాశ్చాత్య సంగీతంలో అసలు స్వరానికి ముందు చటుక్కున తగిలించే చిట్టి స్వరం ఇది. దీని గురించి స్కాట్లండ్ బ్యాగ్‌పైప్ (గాలి సంచి ఉన్న వాద్యం) వాయించేవాళ్లని అడగండి. సంచిలోంచి గాలి ఆగదు, స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం దొరకదు. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే రెండూ కలిసి ఒకే పొడుగు స్వరమైపోతాయి. మధ్యలో వేలు చటుక్కున లేపి ఒక గ్రేస్ నోట్ తగిలిస్తేనే అవి విడిపోతాయి. అది తీసేస్తే పాటే తెలియదు. రాతలో చిన్న అక్షరంగా, తాళం లెక్కలోకి రాకుండా కనబడుతుంది కాబట్టి ఈ చులకన. దీన్ని 'గమకం' అని రాయడమూ సరికాదు, హిందుస్తానీ సంగీతంలో అసలు స్వరాన్ని ముందుగా తాకిపోయే 'కణ్ స్వరం' దీనికి దగ్గర.

అపోహ: 'కూ ద గ్రాస్' అంటే క్రూరమైన చివరి దెబ్బ.

ఇది ఫ్రెంచి మాట, ఇందులో 'గ్రాస్' అంటే గ్రేసే. చావలేక బాధపడుతున్నవాడికి ఆ యాతన తప్పించే దెబ్బ అది, కరుణతో వేసేది. ఇప్పుడు పత్రికలు ఆఖరి దెబ్బ అనే వాడుతున్నాయి, అదీ చెల్లుతుంది. ఉచ్చారణ మాత్రం చివర 'స్' వినబడాలి. ఫ్రెంచి కదా అని దాన్ని మింగేసి 'గ్రా' అంటే, ఫ్రెంచివాళ్లకి కొవ్వు దెబ్బ అని వినబడుతుంది.

అపోహ: గ్రేస్ ఎక్కడ కనబడినా తెలుగు చేయాల్సిందే.

భూగర్భ జలాల వార్తల్లో గ్రేస్ అని వస్తే అది ఉపగ్రహాల జంట పేరు, పొడి అక్షరాలు కలిపి చేసింది. అమెరికా, జర్మనీ 2002లో పంపాయి. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంలో తిరుగుతూ, ఆ ఎడంలో వచ్చే తేడాలను బట్టి భూమి ఆకర్షణలో మార్పులను కొలిచాయి. కింద నీళ్లు తగ్గినా మంచు కరిగినా అందులో తెలిసిపోతుంది. ఒక ముసాయిదాలో వీటిని 'కృపా ఉపగ్రహాలు' అని చూశాను. పేర్లను ముట్టుకోకండి.