బోస్మన్ జీతం కోత నుంచి ఆన్‌ఫీల్డ్ గేలి దాకా

ఆరేళ్ల వయసులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ అకాడమీలో చేరిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 2025 మే 11న ఆర్సెనల్‌పై సబ్‌స్టిట్యూట్‌గా దిగినప్పుడు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే గేలికి గురయ్యాడు. జూన్ 30తో ముగిసే ఒప్పందాన్ని పొడిగించుకోనని అంతకు ఆరు రోజుల ముందు ప్రకటించడమే అతను చేసిన నేరం. ఆటగాళ్లలో విధేయత అడుగంటిందన్న వాదన దాంతో మళ్లీ రాజుకుంది. ఇలాంటప్పుడు కెరీర్ అంతా ఒకే క్లబ్బుకు ఆడిన ఇటలీ ఆటగాళ్లు మాల్దీని, టొట్టీల పేర్లు వినిపించడం మామూలే. ఈ వివాదానికి అసలు మూలం మాత్రం బెల్జియంలో ఒక మామూలు మిడ్‌ఫీల్డర్‌కు వచ్చిన కొత్త ఒప్పందంలో ఉంది.

ఆ మిడ్‌ఫీల్డర్ జాఁ-మార్క్ బోస్మన్‌కు అక్కడి క్లబ్బు ఆర్‌ఎఫ్‌సీ లియేజ్ సగటున నెలకు 1,20,000 బెల్జియన్ ఫ్రాంకులు ఇచ్చేది. 1990 జూన్‌తో గడువు తీరనుండగా, ఏప్రిల్‌లో ఆ క్లబ్బు 30,000కు మరో ఏడాది ఆడమంది. అది బెల్జియం ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనలు అనుమతించే కనీస మొత్తం. అతను కాదన్నాడు. అప్పుడు అదే క్లబ్బు, నాలుగో వంతు జీతానికి మించి విలువ చేయడని తాను లెక్కగట్టిన మనిషికి కొత్త క్లబ్బు చెల్లించాల్సిన 1,17,43,000 ఫ్రాంకుల పరిహారం ఖరారు చేసి ట్రాన్స్‌ఫర్ జాబితాలో పెట్టింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బు తీసుకోవడానికి ముందుకొచ్చినా, ఆ క్లబ్బు చెల్లించగలదో లేదోనన్న అనుమానంతో లియేజ్ బదిలీ పత్రం పంపించలేదు. ఒప్పందం ముగిసిపోయినా ఆటగాడికి దారి దొరకలేదు. అంతకు మునుపటి దశాబ్దాల విధేయతలో ఎంత భాగం ప్రేమో, ఎంత భాగం ఈ తాళమో ఎవరూ విడదీసి చూడలేదు.

బోస్మన్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం 1995 డిసెంబరు 15న ఆ తాళం తీసింది: గడువు తీరిన ఆటగాడు ఐరోపా యూనియన్‌లోని మరో దేశపు క్లబ్బుకు వెళ్తుంటే పాత క్లబ్బు రుసుము అడగరాదు.

చిన్న క్లబ్బులు కుర్రాళ్లను తీర్చిదిద్దడానికి ఆ రుసుములే ఆధారమని క్లబ్బులు వాదించాయి. అందులో నిజం లేకపోలేదు. 1995 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఏసీ మిలాన్‌ను 1-0తో ఓడించిన నెదర్లాండ్స్ క్లబ్బు అజాక్స్ నుంచి డేవిడ్స్ 1996లో, గెలుపు గోల్ కొట్టిన క్లూవర్ట్ 1997లో ఆ మిలాన్‌కే రుసుము లేకుండా వెళ్లిపోయారు. ఆ దెబ్బతో క్లబ్బులు ఒప్పందంలో ఏడాదో రెండేళ్లో మిగిలి ఉండగానే ఆటగాణ్ని అమ్మేయడం నేర్చుకున్నాయి. ఆ అమ్మకాన్ని మాత్రం ద్రోహం అనరు, ప్రణాళిక అంటారు.

తర్వాతి పోరు గడువు తీరని ఒప్పందాల మీద నడిచింది. బోస్మన్ తరఫున వాదించిన న్యాయవాది జాఁ-లూయీ డ్యూపోఁ, రష్యా క్లబ్బు లోకోమోటివ్ మాస్కోతో ఒప్పందం మధ్యలో చెడిన ఫ్రాన్స్ ఆటగాడు లసానా డియారా తరఫునా నిలిచారు. అలాంటి ఆటగాణ్ని చేర్చుకునే కొత్త క్లబ్బును కూడా పరిహారానికి బాధ్యురాలిని చేసే ఫిఫా నిబంధనలు యూరోపియన్ చట్టానికి విరుద్ధమని 2024 అక్టోబరు 4న అదే న్యాయస్థానం నుంచి తీర్పు వచ్చింది. డిసెంబరులో ఫిఫా తాత్కాలిక నిబంధనలు తెచ్చింది.

అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌కు ఇదేమీ అవసరం పడలేదు. అతను గడువు తీరేదాకా ఆగితే సరిపోయేది. క్లబ్ ప్రపంచ కప్‌కు అతను ముందుగానే కావాలని, అతను చేరబోయే స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ కోరినప్పుడు, మిగిలిన ఆ ఒక్క నెలకూ లివర్‌పూల్ రుసుము తీసుకునే పంపింది.