పాతిక మార్కుల ఉప్పునీళ్లు

కోనసీమ పొలాల మురుగునీటిని బయటికి తీసుకెళ్లే శంకరగుప్తం డ్రెయిన్ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. తలలు రాలిపోయి కరెంటు స్తంభాల్లా నిలబడ్డ కొబ్బరిచెట్ల ఫొటోలు కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతున్నాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మలికిపురం మండలం కేశనపల్లి వచ్చి ఈ తోటలు చూశారు. ఆ పర్యటనలో కోనసీమ పచ్చదనానికి తెలంగాణ ‘దిష్టి’ తగిలిందన్నట్టు దొర్లిన మాట మీద రెండు రాష్ట్రాల నాయకులు రోజుల తరబడి వాదించుకున్నారు. ఆ గొడవ సద్దుమణిగేసరికి డ్రెయిన్‌లోకి ఉప్పునీరు ఎలా వస్తోంది, ఎంత లోపలికి వస్తోంది అన్న ప్రశ్న టీవీల్లోంచి మాయమైంది. ఊళ్లలో మాత్రం ఇప్పటికీ అదే మాట.

ఈ డ్రెయిన్ గొడవకి నేపథ్యం సాయంత్రానికల్లా రాసి పంపమని నన్ను అడిగారు. కాటన్ దొర, ధవళేశ్వరం ఆనకట్ట, అన్నపూర్ణ లాంటి డెల్టా... ఇవన్నీ చదివేవాళ్లకు నాకంటే బాగా తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. నా లెక్కలో ఈ కథ మలుపు తిరిగింది డిగ్రీ కాలేజీలో, ఎవరూ పట్టించుకోని ఒక పేపర్లో.

ఆ పేపరు పేరు ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమంది. అది డిగ్రీ క్లాసు గది దాకా రావడానికి పన్నెండు పదమూడేళ్లు పట్టింది. యూజీసీ తయారుచేసిన ఆరు నెలల సిలబస్‌లో ఎనిమిది యూనిట్లు, యాభై పీరియడ్లు. బీకాం అయినా బీఎస్సీ అయినా అందరూ చదవాల్సిందే. ఎనిమిదో యూనిట్‌లో పాఠం లేదు, బయటికి వెళ్లి చూసి రావడమే. దగ్గర్లోని నదో అడవో చూసి రాయండి, దగ్గర్లో కలుషితమైన చోటుకి వెళ్లి రాయండి, చెరువో కాలువో పరిశీలించండి అని ఉంటుంది. దీనికిచ్చిన సమయం ఐదు పీరియడ్లు. మార్కులు మాత్రం వందలో పాతిక.

మా బ్యాచ్‌కి ఆ పాతిక మార్కులు జెరాక్స్ షాపులో దొరికాయి. సీనియర్ల రికార్డు తెచ్చి అట్ట మార్చి, పేరు మార్చి ఇచ్చేసేవాళ్లం. ఓజోన్ పొరకు పడ్డ చిల్లు గురించి పేజీన్నర రాసి, కాలేజీ వెనక పారే మురుగు కాలువ గురించి ఒక్క వాక్యం రాయకుండా పాసైపోయాం. అందులో నేనూ ఉన్నాను, కాబట్టి ఎవర్నీ తప్పు పట్టే హక్కు నాకు లేదు.

తర్వాతి ఏడాది మాకు కెమిస్ట్రీ చెప్పే మేడం ఒకరు ఆ జెరాక్స్ రికార్డులన్నీ తిప్పి పంపేశారు. ల్యాబ్‌లో ఉన్న కండక్టివిటీ మీటరుని టవల్లో చుట్టుకుని, జూనియర్లలో ఏడెనిమిది మందిని ఒక అమావాస్య రోజు డ్రెయిన్ వంతెన మీదికి తీసుకెళ్లారు. ఊరికే వెంటపడ్డవాళ్లలో నేనొకణ్ణి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఒకసారి, పాటు తీశాక (నీరు వెనక్కి తగ్గాక) ఒకసారి బకెట్‌తో నీళ్లు తోడి కొలిచారు. తేదీ, తిథి, గంట, అంకె. నోటు పుస్తకంలో అంతే రాయించారు.

గట్టు మీద గడ్డి కోస్తున్న రైతు చాలాసేపు చూసి, “ఏవండీ మేడంగారూ, నోట్లో పోసుకుంటే తెలిసిపోద్ది కదండీ, దీనికి మిషనెందుకండీ?” అన్నాడు.

“మీ నాలుక చెప్పింది ఆఫీసులో రాసుకోరు బాబాయ్. అంకె అయితే రాసుకుంటారు,” అన్నారావిడ.

ఈ ఇరవై ఏళ్లలో డెల్టాలో జరిగిన చాలా గొడవలకు ఆ రెండు మాటలే మూలం అనిపిస్తుంది నాకు. ఉప్పు ఎక్కిందని రైతు అంటాడు. ఎక్కిందనడానికి రుజువేంటని అధికారి అంటాడు. మధ్యలో అంకెలు రాసిన పుస్తకం లేదు.

అసలు ఆ అంకె ఏం చెబుతుందో కొంచెం చూద్దాం. నీటిలో ఉప్పు ఎంతుందో కరెంటు పారే తీరుని బట్టి తెలుస్తుంది. ఆ కొలతని ‘మీటరుకు ఇన్ని డెసీసీమెన్లు’ అని చెబుతారు. సముద్రపు నీరు యాభై దగ్గర చూపిస్తుంది. వరి వేరు చుట్టూ నేలలో ఉప్పు అదే కొలతలో మూడు దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఆపైన పెరిగే ఒక్కో అంకెకి దాదాపు పన్నెండు శాతం పోతుంది. అంటే ఎకరాకి పాతిక బస్తాలు పండే చేలో నేల ఐదు చూపిస్తే ఆరు బస్తాలు పోయినట్టే. ఆకు పచ్చగానే ఉంటుంది, చూడ్డానికి చేను బాగానే ఉంటుంది, కుప్ప నూర్చాక తెలుస్తుంది. కొబ్బరి సంగతి వేరు. అది సముద్రం ఒడ్డున పుట్టిన చెట్టు, ఉప్పుని కొంత తట్టుకుంటుంది. తట్టుకోలేనిది నిలవ నీటిని. వేరుకి గాలి ఆడక, ఆ నిలిచిన నీరు కూడా ఉప్పుదైతే ముందు మట్టలు వేలాడతాయి, తర్వాత మొవ్వు (నడిమి చిగురు) ఎండుతుంది, చివరికి తల ఊడి పడుతుంది. అప్పుడొచ్చి ఫొటో తీస్తాం.

ఆ పేపరు క్లాసుల్లోకి వచ్చిన రోజుల్లోనే, 2004లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు మన తీరం గురించే ఒక పరిశోధన ప్రచురించారు. 1976 నుంచి 2001 దాకా గోదావరి డెల్టా సముద్రానికి నికరంగా 1,836 హెక్టార్ల నేల అప్పగించిందని లెక్క తేల్చారు. నది మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకల్లా సగం కూడా రావడం లేదు, పైన డ్యాముల్లోనే ఆగిపోతోంది. సముద్రం పెరుగుతుంటే, దానికి ఎదురుగా నేలని పెంచాల్సిన మట్టి రాకుండా పోయింది. విశాఖపట్నంలో తేలిన ఈ లెక్క అమలాపురం, రాజోలు క్లాసు గదుల్లోకి నడిచొచ్చి ఉంటే శంకరగుప్తం గురించి పదేళ్ల ముందే మాట్లాడుకునేవాళ్లం. మా పుస్తకంలో ఒండ్రు అనే మాటే లేదు.

ఇక్కడ ఒకసారి వెనక్కి వెళ్లాలి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. ఐదు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 11న, తీర ప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వరి భూములు, మడ అడవులు రొయ్యల చెరువులుగా మార్చవద్దని అందులో ఉంది. చెట్లు కూలిన ఊళ్లో తీర్పు ఎవరు చదువుతారు? 2005లో కేంద్రం కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. పోటు గీతకి 200 మీటర్ల లోపు చెరువు తవ్వకూడదని, రిజిస్ట్రేషన్ ఉండాలని అప్పుడు అందులో రాశారు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఆట మారిపోయింది. ఉప్పు తక్కువున్నా బతికే రొయ్య కావడంతో చెరువులు తీరం వదిలి లోపలికి నడిచాయి. చెరువు ఖాళీ చేసిన నీళ్లు ఎటు పోతాయి? మురుగు కాలువలోకే.

ఆక్వా రైతుల మాట కూడా ఉంది. వరి గిట్టక చెరువు తవ్వాం, మేమూ రైతులమే, ఎగుమతి డాలర్లు మా వల్లే వస్తున్నాయి అంటారు. కాదనలేం.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు దేశమంతా మద్దతు ధర గురించి మాట్లాడింది. రైతుల జాబితాలో డ్రెయిన్ల పూడిక కూడా ఉంది. డెల్టా రైతుల దగ్గర మురుగు పన్ను వసూలు చేయడానికి 1968లోనే చట్టం ఉంది, మరి మురుగు ఎందుకు పోవడం లేదని అడిగారు. ఆ ప్రశ్న ప్రభుత్వం వేసిన కమిటీ ఫైల్లోకి వెళ్లింది. 2022లో క్రాప్ హాలిడే మాట మళ్లీ వినిపించింది.

అధికారుల వాదన ఇదీ: చెట్లు ముసలివి, తుపాన్ల దెబ్బ తిన్నవి, పైగా మట్టల రసం పీల్చే తెల్లదోమ. తెల్లదోమ నిజమే. ఆ సర్పిలాకార దోమ 2016 ప్రాంతంలో మన తోటల్లోకి వచ్చింది, అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు శిలీంధ్రంతో, మిత్ర పురుగులతో దాన్ని అదుపు చేయడం రైతులకు నేర్పారు. కానీ దోమ పట్టిన మట్ట మీద నల్లటి మసి పేరుకుంటుంది, కాపు తగ్గుతుంది. మొవ్వు ఎండి తల రాలిపోవడం దాని పని కాదు. దోమ మండలమంతా ఉంటే తలలు డ్రెయిన్ పక్క తోటల్లోనే ఎందుకు రాలాయని రైతులు అడుగుతున్నారు. దీనికి జవాబు నాకైతే ఇంతవరకు వినబడలేదు.

చదువు ఊరి పనిగా మారిన చోటు డెల్టాలో లేకపోలేదు. కోరింగ మడ అడవుల్లో పాడైన చోట్ల స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, అక్కడి పల్లెల జనం కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. చెట్లు నరికిన చోట నేల కుంగి నీరు నిలిచి, ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుపోయేది. పోటు నీరు వచ్చి పోయేలా దారి చేస్తే ఆ ఉప్పు కడుక్కుపోయింది, మళ్లీ మడ మొలిచింది. అక్కడ పోటుకి దారి తెరిచారు, ఇక్కడ మూయాలి. రెండు చోట్లా తెలియాల్సింది మాత్రం ఒకటే: పోటు ఏ గంటకి ఎంత దూరం వస్తుంది.

ఇప్పుడు పిల్లల దగ్గర సమయం ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు, 180 గంటలు, అదీ వేసవి సెలవుల్లో. సాగు కాలువలకి నీళ్లు ఆపేసి, డ్రెయిన్లలో మంచినీరు అడుగంటి, ఉప్పు బాగా లోపలికి ఎక్కే రోజులు సరిగ్గా అవే. మా తరం ఐదు పీరియడ్లు ఎగ్గొట్టింది. వీళ్లు ఆ 180 గంటలూ ఇంటింటికీ తిరిగి మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా అని ఫారాలు నింపుతున్నారు. పోయిన వేసవిలో ఒక అమ్మాయి ఆ ఫారం వెనక్కి తిప్పి తిథి, గంట, మీటరు అంకె అని మూడు గళ్లు గీసుకుంది. జేబులో పట్టే మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఆ పేజీలు అక్కర్లేదని గైడ్ అన్నారట. ఆ పేజీలే ఊళ్లో రైతులు జెరాక్స్ తీసుకున్నారు, అర్జీకి జత చేయడానికి. జెరాక్స్ షాపు మళ్లీ పనికొచ్చింది.

ఇవాళ్టి పేచీ అంతా తవ్వకం దగ్గర ఉంది. డ్రెయిన్ పూడిక తీసి లోతు చేస్తే వానాకాలం ముంపు తగ్గుతుంది. మొగ దగ్గర, అంటే డ్రెయిన్ చివర, షట్టర్లు లేకుండా లోతు చేస్తే వేసవిలో పోటు ఇంకా లోపలికి ఎక్కుతుంది. ముంపు పొలాల వాళ్లు తవ్వమంటున్నారు, దిగువ తోటల వాళ్లు షట్టరు పెట్టాకే తవ్వమంటున్నారు. షట్టరు ఎక్కడ పెట్టాలన్నా ఉప్పు ఎంత దూరం ఎక్కుతోందో తెలియాలి, దానికి అమావాస్యకీ పౌర్ణమికీ కొలిచిన అంకెలు కావాలి. పెట్టాక కూడా పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ షట్టరుని దించి ఎత్తాలి. ఆ పనికి లస్కరుని (కాలువలు చూసుకునే ఉద్యోగిని) వేస్తారా అని కేశనపల్లిలో ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన నవ్వి, “ముందు షట్టరు రానీండి బాబూ,” అన్నాడు.