గేలి బంతినా, మనిషినా?

2015 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం తన కిందున్న స్కూళ్లకు ఒక ఈమెయిల్ పంపింది. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లలో విద్యార్థులు ఎదుటి జట్టును కించపరుస్తూ అరవడం బాగా పెరిగిపోయింది, అదుపులో పెట్టండి అని దాని సారాంశం. ఏ కేకలు వద్దో ఉదాహరణలు కూడా ఇచ్చారు. వేసిన బంతి రింగుకైనా తగలకపోతే అరిచే ‘ఎయిర్ బాల్’. వెనకబడిన జట్టుకు అంకెలు చూపించి అనే ‘స్కోర్‌బోర్డ్’. తప్పు ఆడినవాళ్లకు పాఠం చెబుతున్నట్టు సాగదీసే ‘ఫండమెంటల్స్’. అవతలి గ్యాలరీ చప్పబడితే ‘మీ గొంతు వినబడట్లేదు’. టోర్నమెంటులో ఓడిపోతున్నవాళ్లకు ‘మీ సీజన్ అయిపోయింది’.

జనవరిలో హిల్బర్ట్ అనే చిన్న ఊరి స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి ఒకరు ఆ సంఘాన్ని బూతుమాటతో తిడుతూ ట్వీట్ పెట్టింది. స్కూలు ఆమెను ఐదు మ్యాచ్‌లకు పక్కన పెట్టింది. దాంతో విషయం దేశమంతా పాకింది. ‘ఎయిర్ బాల్’ అనడం కూడా తప్పేనా అని టీవీ వ్యాఖ్యాతలు ఎగతాళి చేశారు. ఇవి కొత్త నిబంధనలేమీ కావు, ఆ అమ్మాయిని సస్పెండ్ చేయమని మేం చెప్పలేదు అని సంఘం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ గొడవలో నన్ను బాధపెట్టింది ఒక్కటే. జాబితాలో ఉన్నవన్నీ ఆటను గేలి చేసే మాటలు. పిల్లల్ని నిజంగా గాయపరిచిన కేకలు వేరే ఉన్నాయి. అవి ఆటను కాదు, ఆడేవాడి రంగునీ, ఇంటినీ, ఒంటినీ గేలి చేస్తాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే పెద్దలు ఎప్పుడూ తేలికైన దాని వెంట పడుతున్నారు, బరువైనది చేయి దాటిపోతోంది. ఇది ఇవాళ మొదలైంది కాదు.

ప్రేక్షకుల అల్లరికి బాస్కెట్‌బాల్‌ ఆటకున్నంత వయసుంది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు, పీచ్ పండ్ల బుట్టలను జిమ్ బాల్కనీ అంచుకు కొట్టారు. ఆ బాల్కనీ పది అడుగుల ఎత్తు. ఇవాళ్టికీ రింగు ఎత్తు అంతే. బాల్కనీలో నిలబడ్డవాళ్లకు బుట్ట చేతికందేంత దగ్గర. తమవాళ్ల బంతిని లోపలికి నెట్టడం, అవతలివాళ్ల బంతిని బయటికి తోయడం మొదలుపెట్టారు. వాళ్ల చేతులకు అడ్డంగా పెట్టినదే తర్వాత బ్యాక్‌బోర్డు అయింది. కొన్ని ఊళ్లలో కోర్టు చుట్టూ ఇనుప వల కట్టి ఆడించారు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ‘కేజర్’ అనే పేరు ఆ పంజరం నుంచే వచ్చింది.

వలలు పోయాయి కానీ ఆ దగ్గరితనం పోలేదు. ఫుట్‌బాల్ మైదానంలో కేక గాలిలో కలిసిపోతుంది, స్కూలు జిమ్‌లో గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. లాగితే మెట్లలా విచ్చుకునే బ్లీచర్స్ మీద, కోర్టు గీతకు రెండడుగుల దూరంలో, ఒకే రంగు టీషర్టులు వేసుకుని ‘స్టూడెంట్ సెక్షన్’ అనే విద్యార్థి ప్రేక్షకుల గుంపు నిలబడుతుంది. ఇండియానా రాష్ట్రంలో ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, అప్పటికి దాదాపు ఇరవై వేల జనాభా ఉన్న న్యూ క్యాసిల్ ఊళ్లో 1959లో ప్రారంభించిన హైస్కూల్ జిమ్‌లో తొమ్మిది వేలకు పైగా సీట్లుండేవి.

ఫ్రీ త్రో సమయం గమనించండి. ఎదుటి జట్టు ఫౌల్ చేసినందుకు, ఎవరూ అడ్డుపడకుండా బంతి వేసే అవకాశం అది. ఆట ఆగుతుంది. మిగతావాళ్లంతా పక్కకు తప్పుకుంటారు. పదహారేళ్ల పిల్లాడు ఒక్కడే బ్యాక్‌బోర్డుకు పదిహేను అడుగుల దూరంలో బంతి పట్టుకుని నిలబడతాడు. అతనికున్నది పది సెకన్లు. హైస్కూల్ నియమాల ప్రకారం ఆట సాగుతుండగా బూరలూ గిలకలూ మోగించకూడదు. కాబట్టి గుంపు చేతిలో ఉన్న ఆయుధం గొంతే. అతని జెర్సీ నంబరు, హెయిర్‌కట్, ఇందాకటి ఎయిర్ బాల్, ఏది దొరికితే అది. బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, ఊపిరి పీల్చుకుని, తల ఎత్తేలోపు అవన్నీ చెవిలో పడతాయి.

‘ఎయిర్ బాల్’ అన్న కేక హైస్కూళ్లకు కాలేజీల నుంచి దిగింది. 1979 ఫిబ్రవరిలో డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీల మ్యాచ్‌లో పుట్టిందని ఎక్కువమంది చెప్పుకునే కథ. నార్త్ కరోలినా బంతిని తమ దగ్గరే అట్టిపెట్టుకుని కాలం గడిపింది. సగం ఆట ముగిసేసరికి డ్యూక్ 7, నార్త్ కరోలినా 0. మధ్యలో వాళ్లు వేసిన షాట్ దేనికీ తగలకుండా పోతే డ్యూక్ విద్యార్థులు రాగం తీసి ‘ఎయిర్ బాల్’ అని పాడారు. అది దేశమంతా అంటుకుంది. ఎవరూ శ్రుతి పెట్టకపోయినా వేలమంది దాన్ని దాదాపు ఒకే శ్రుతిలో అందుకుంటారని 1990లలో ఒక అధ్యాపకుడు పరిశీలించి రాశారు కూడా.

అదే డ్యూక్‌లో 1984 జనవరిలో గోల హద్దు దాటింది. మేరీలాండ్ ఆటగాడొకరి మీద లైంగిక ఆరోపణ ఉందని అతనిపైకి ఆడవాళ్ల లోదుస్తులు విసిరారు, బూతులు తిట్టారు. యూనివర్సిటీ అధ్యక్షుడు టెర్రీ శాన్‌ఫర్డ్, నార్త్ కరోలినా రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన పెద్దమనిషి, విద్యార్థులకు ఒక ఉత్తరం రాశారు. బెదిరింపు లేదు, నిషేధం లేదు. మనం ఇంతకంటే మర్యాదగా, ఇంతకంటే తెలివిగా ఉండగలం అని చెప్పి, చివర ‘అంకుల్ టెర్రీ’ అని సంతకం పెట్టారు. తర్వాత నార్త్ కరోలినా ఆడటానికి వచ్చినప్పుడు విద్యార్థులు తలమీద దేవదూతల్లా వెలుగు వలయాలు పెట్టుకుని వచ్చారు. రెఫరీ నిర్ణయం నచ్చనప్పుడు, అలవాటైన బూతుకు బదులు ‘మేము సవినయంగా విభేదిస్తున్నాం’ అనే అర్థంతో అరిచారు. గోల తగ్గలేదు, మాట మారింది. ఈ చరిత్రలో పెద్దలు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక రెండో రకం. పెర్రీ వాలస్ టెనెసీలోని నాష్‌విల్ కుర్రాడు. 1966లో ఆ రాష్ట్రం మొదటిసారి తెల్ల, నల్ల స్కూళ్లను కలిపి నిర్వహించిన టోర్నమెంటును గెలిచిన పెర్ల్ హైస్కూల్ జట్టువాడు. తర్వాత వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరి, దక్షిణాది యూనివర్సిటీల లీగ్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1967లో మొదటి సంవత్సరం జట్టుతో మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌కు వెళ్లినప్పుడు గ్యాలరీ అతని మీద జాతి తిట్లు కురిపించింది. విరామంలో డ్రెస్సింగ్ రూమ్‌లో అతనూ, జట్టులోని మరో నల్లజాతి ఆటగాడు గాడ్‌ఫ్రీ డిలార్డ్ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మళ్లీ ఆ తలుపు దాటి కోర్టులోకి వెళ్లాలి. వెళ్లారు. వాలస్ ఆ తర్వాత లా ప్రొఫెసర్ అయ్యాడు, 2017లో మరణించాడు. ఆ విరామంలో పట్టుకున్న చేతుల్ని తలుచుకుంటే ‘ఎయిర్ బాల్’నూ దీన్నీ ఒకే జాబితాలో ఎలా రాయగలమో నాకు అర్థం కాదు.

ఆ తరం పోయింది, ఆ కేకలు మాత్రం వేషం మార్చుకుని వచ్చాయి. 2012లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఆలమో హైట్స్ స్కూలు గెలిచాక వాళ్ల విద్యార్థులు కొందరు ‘యూఎస్ఏ, యూఎస్ఏ’ అని అరిచారు. ఎదుట ఉన్నది ఎక్కువమంది హిస్పానిక్, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, పిల్లలున్న ఎడిసన్ స్కూలు జట్టు. వాళ్లదీ ఆ దేశమే, ఆ ఊరే. మాటలో తప్పేమీ లేదు, దాన్ని ఎవరి మొహం మీద అరిచారన్నదే తప్పు.

విస్కాన్సిన్ జాబితా గురించి దేశమంతా నవ్వుకున్న మరుసటి నెలలోనే, 2016 ఫిబ్రవరిలో, ఇండియానాలో రెండు క్యాథలిక్ హైస్కూళ్లు తలపడ్డాయి. లాటినో విద్యార్థులు ఎక్కువగా ఉన్న బిషప్ నోల్ జట్టు ముందు ఆండ్రియన్ స్కూలు పిల్లలు డొనాల్డ్ ట్రంప్ బొమ్మ ఎత్తి ‘గోడ కట్టండి’ అని అరిచారు. మెక్సికో సరిహద్దులో గోడ కడతానన్నది అప్పట్లో ట్రంప్ ఎన్నికల నినాదం. ఇది ఏ జాబితాలోనూ లేని కేక. 2021 జూన్‌లో కాలిఫోర్నియాలో కరొనాడో హైస్కూల్ ఫైనల్ గెలిచిన వెంటనే, లాటినో పిల్లలే ఎక్కువగా ఉన్న, ఓడిన ఆరెంజ్ గ్లెన్ జట్టు వైపు టోర్టియాలు విసిరారు. వాళ్లు తినే రొట్టెనే వాళ్ల మీదికి విసరడం అన్నమాట. కోచ్ ఉద్యోగం పోయింది, స్కూలు టైటిల్ రద్దయింది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. స్కూల్లో విద్యార్థులకు వాక్ స్వాతంత్ర్యం ఉంటుందని 1969లో, అసభ్య ప్రసంగాన్ని స్కూలు శిక్షించవచ్చని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. చీర్‌లీడర్ అమ్మాయి ఒకరు స్కూలు బయట కోపంలో సోషల్ మీడియాలో పెట్టిన బూతు పోస్టు మీద 2021లో 8–1 తేడాతో ఆమె పక్షాన తీర్పిచ్చింది. అంటే బయట రాసిన మాట మీద స్కూలు పట్టు సడలింది, జిమ్ లోపలి అరుపు మీద మాత్రం అలాగే ఉంది.

మన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు ముచ్చట కాదు. డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో శుక్రవారం సాయంత్రం పిల్లల్ని జిమ్ ముందు దింపి వెళ్లే తల్లిదండ్రులు ఎందరో. ఆ పిల్లలు గ్యాలరీలో అరిచేవాళ్లలోనూ ఉంటారు, అప్పుడప్పుడు జెర్సీ వేసుకుని కోర్టులోనూ ఉంటారు. ‘యూఎస్ఏ’ కేక ఎటు తిరుగుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు ఫోన్లు కూడా తోడయ్యాయి. మ్యాచ్‌కు ముందే ఎదుటి ఆటగాడి ఇన్‌స్టాగ్రామ్ తిరగేసి, అతని గర్ల్‌ఫ్రెండ్ పేరో ఇంట్లో విషయమో పట్టుకొస్తే, ఫ్రీ త్రో లైన్ దగ్గర అదే కేక అవుతుంది.

హైస్కూల్ నియమాలలో ప్రేక్షకుల ప్రవర్తనకు ఆతిథ్య స్కూలే బాధ్యురాలు. హద్దు దాటిన ప్రేక్షకుల జట్టు మీద టెక్నికల్ ఫౌల్ వేసి, ఎదుటి జట్టుకు ఫ్రీ త్రోలు ఇచ్చే అధికారం రెఫరీకి ఉంది, ఆచితూచి వాడమని మాత్రం చెబుతారు. రెఫరీ నిలబడేది బ్లీచర్స్‌కు నాలుగడుగుల దూరంలోనే. ‘ఎయిర్ బాల్’ అయితే విని వదిలేయొచ్చు. ‘గోడ కట్టండి’ అని వినబడినప్పుడు విజిల్ ఊది, ఆట ఆపి, స్కోరర్ టేబుల్ దగ్గరికి నడిచి స్కూలు వాళ్లను పిలవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం బంతి పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఒంటరిగా లేడు.