పల్లె కుటుంబం సంపాదన: 1970లో పక్కన పెట్టేసిన ప్రశ్న

కుటుంబాల ఆదాయాన్ని లెక్కించేందుకు 2026లో తొలి దేశవ్యాప్త సర్వే చేపడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించడంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. రైతు ఆదాయం రెట్టింపైందా, లేదా? 2016లో బరేలీ సభలో ప్రధాని ఇచ్చిన హామీ, దానికి పెట్టిన 2022 గడువు అందరికీ తెలిసినవే. ఈ వాదనలో ఏ పక్షం చేతిలోనూ గట్టి అంకె ఎందుకు లేదో తెలియాలంటే మాత్రం 1969-70కి వెళ్లాలి.

జాతీయ నమూనా సర్వే అంతకుముందే 14, 19 విడతల్లో ఆదాయం వివరాలు అడిగి చూసింది. 24వ విడతలో, అంటే 1969-70లో, రాబడి, చెల్లింపులు రెండూ రాసుకుంది. తీరా కూడి చూస్తే కుటుంబాల ఆదాయం వాటి ఖర్చు, పొదుపు కలిపిన మొత్తం కన్నా తక్కువగా తేలింది. ప్రయత్నం అంతటితో ఆగింది. 1980ల్లో చేసిన మరో చిన్న ప్రయోగమూ ముందుకు సాగలేదు. ఖర్చు అడగడం సులువు కాబట్టి పేదరికం లెక్కలన్నీ ఖర్చు మీదే నడిచాయి.

జనం ఆదాయం దాస్తారన్నది అధికారుల వాదన. 2025 ఆగస్టులో కొత్త సర్వే ప్రశ్నలను ముందుగా పరీక్షించినప్పుడు, ఇవి బయటికి చెప్పుకునే వివరాలు కావని 95 శాతం మంది భావించారు. కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ అసలు సంగతి అది కాదు.

గుంటూరు వైపు మిర్చి వేసిన కౌలు రైతును నెలకు ఎంత సంపాదిస్తావని అడిగి చూడండి. కౌలు ముందే కట్టాడు. విత్తనాలకు, పురుగుమందులకు అప్పిచ్చిన వ్యాపారి వడ్డీతో సహా పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టాడు. ధర లేదని కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) శీతల గిడ్డంగిలో ఉంచాడు. అవి ఏ ఏడాది ఆదాయం? భార్య పక్క చేలో కోతకు వెళ్లిన కూలి, గేదె పాల బిల్లు, పట్నంలో ఉన్న కొడుకు పంపిన డబ్బు, పెద్దావిడ పింఛను వేటికవి వేర్వేరు రోజుల్లో వచ్చి అప్పటికప్పుడే ఖర్చయిపోతాయి. అతను దాచడం లేదు. నెల జీతగాడిని అడిగే ప్రశ్న అతనికి అతకదు, అంతే.

ప్రభుత్వ లెక్కల్లోనే ఈ తడబాటు కనిపిస్తుంది. 2018-19లో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం రూ.10,218. ఇంటివాళ్ల శ్రమ, సొంత విత్తనం వంటి వాటికీ విలువ కట్టి ఖర్చులో కలిపితే అదే కుటుంబం ఆదాయం రూ.8,337కి పడిపోతుంది. ఆ రూ.10,218లో కూలి, జీతాల వాటా రూ.4,063, పంట వాటా రూ.3,798. 2012-13లో పంటే ముందుండేది. రైతు ఆదాయం పెరిగిందని చెప్పే అంకెలో పెద్ద భాగం పొలం బయట పుట్టినదే. ఈ మాట సభల్లో వినిపించదు.

ఇక రెట్టింపునకు ఆధారంగా పెట్టుకున్న అంకె, 2015-16కు ఏడాదికి రూ.96,703. ఆ ఏడాది సర్వే జరగలేదు. రైతు ఆదాయం రెట్టింపుపై కేంద్రం వేసిన అశోక్ దల్వాయ్ కమిటీ 2012-13 అంకెను పెంచి అంచనా కట్టింది. కాకిలెక్క అనలేం గానీ, కొలిచిన లెక్కా కాదు. గ్రామీణ రుణాలు చూసే జాతీయ బ్యాంకు నాబార్డు సర్వేల ప్రకారం వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం 2016-17లో రూ.8,931, 2021-22లో రూ.13,661. ధరల పెరుగుదల తీసేయకముందే అది సగానికి కాస్త పైబడిన పెరుగుదల. పైగా నాబార్డు సర్వేలో 50 వేల లోపు జనాభా ఉన్న పట్టణాలూ ఉన్నాయి. వ్యవసాయ కుటుంబం అంటే ఎవరన్న నిర్వచనమూ సర్వేకు సర్వేకు మారింది. ప్రభుత్వం మాత్రం ఆదాయం రెట్టింపైన 75 వేల మంది రైతుల విజయగాథలు సంకలనం చేయించింది.

ఇవన్నీ సగటులే. వ్యవసాయ కుటుంబాల్లో హెక్టారు లోపు భూమి ఉన్నవే 70 శాతం. కొద్దిమంది పెద్ద రైతుల రాబడి సగటును పైకి లాగుతుంది. కుటుంబాలను ఆదాయం వరుసలో నిలబెట్టి నడుమ ఉన్నవారిని అడిగితే వచ్చే మధ్యగతం ఈ వాదోపవాదాల్లో ఎక్కడా కనిపించదు. జిల్లా స్థాయిలో పరిస్థితి మరీ అన్యాయం. రంగారెడ్డి తలసరి ఆదాయం తెలంగాణలో మొదటి స్థానంలో ఉందంటే, అక్కడి ఉత్పత్తి విలువను జనాభాతో భాగించారని అర్థం. ఐటీ కార్యాలయాలు సృష్టించిన విలువ యాచారం రైతు ఖాతాలోకీ చేరిపోతుంది.

2025 జనవరి నుంచి జాతీయ నమూనా సర్వేలు జిల్లానే ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నాయి. ఆదాయ సర్వే పద్ధతిని ఖరారు చేసే పనిని ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందానికి అప్పగించారు. రేపు జిల్లాలవారీ మధ్యగతం ఇచ్చినా, పదేళ్ల కిందటి అంకెతో పోల్చి పెరిగిందో తగ్గిందో చెప్పడానికి ఆ పాత అంకె ఏ జిల్లాకూ లేదు.