‘పొద్దుగాల అత్త’ అంటే ఏ అత్త? మాటను తప్పుగా వినే సాఫ్ట్‌వేర్: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల కోసం ఫోన్లో మాటతో నడిచే సేవ కడుతున్నారనుకోండి. ఈ అపోహలు తప్పకుండా ఎదురవుతాయి.

అపోహ: మన తెలంగాణ యాస దానికి వినడం రాదు.
వాస్తవం: చాలాసార్లు వింటుంది, అర్థం దగ్గర బోల్తా పడుతుంది. రైతు ‘పొద్దుగాల అత్త’ (పొద్దున వస్తాను) అన్నాడు. సాఫ్ట్‌వేర్ రాసుకున్న రాత కూడా అక్షరం పొల్లుపోకుండా అలాగే వచ్చింది. అర్థం తీసే భాగానికి ‘వస్తాను’ ఒక్కటే నేర్పితే అది మేనత్తను వెతుక్కుంటుంది. అందుకే ముందు రాత చూడండి. అది సరిగ్గా ఉంటే మాటను రాతగా మార్చే గుర్తింపు ఇంజన్‌ను ముట్టుకోకండి, ‘అత్త’, ‘అచ్చిన’ (వచ్చాను) లాంటి రూపాలను అర్థం తీసే భాగంలో చేర్చండి.

అపోహ: గట్టిగా, ముక్కలుగా పలికితే బాగా వింటుంది.
వాస్తవం: అరిస్తే మైకు దగ్గరే శబ్దం చెదురుతుంది. మామూలు మాటతో నేర్చిన మోడల్‌కు విడదీసిన అక్షరాలు కొత్త.

అపోహ: 8 కిలోహెర్ట్జ్ (సెకనుకు 8,000 ధ్వని నమూనాలు) ఫోన్ రికార్డింగ్‌ను 16కు మారిస్తే స్పష్టత వస్తుంది.
వాస్తవం: ఫైలు పెరుగుతుంది, అంతే. ‘స’, ‘శ’లను విడదీసే పైస్థాయి ధ్వని ఫోన్ లైన్లోనే పోయింది.

అపోహ: ఇంజన్‌కు ముందే ఇచ్చే పదాల జాబితా ఎంత పెద్దదైతే అంత మేలు.
వాస్తవం: అన్నీ కలిపి పోస్తే దగ్గినా మిర్చి పేరే వినిపిస్తుంది. రకం అడిగినప్పుడు రకాల పేర్లే ఇవ్వండి: తేజ, వండర్ హాట్, చపాటా (లేకుంటే ఇది ‘చపాతీ’ అయి కూర్చోవచ్చు). 341 అనే రకాన్ని ‘త్రీ ఫార్టీ వన్’గా, ‘మూడు వందల నలభై ఒకటి’గా రెండు రకాలా రాయాలి. రైతు ధర చెప్పేటప్పుడు ‘పదిహేనున్నర’ అంటే 15,500 రూపాయలు.

అపోహ: కాన్ఫిడెన్స్ (తాను విన్నది ఒప్పేనని ఇంజన్ ఇచ్చుకునే నమ్మకపు అంకె) 0.9 అంటే నూటికి తొంభై సార్లు ఒప్పే.
వాస్తవం: ఆ అంకె ఇంజన్‌ను బట్టి మారుతుంది. మీ సొంత కాల్స్‌లో కొన్ని వందలు చేత్తో రాసి, ఏ అంకె దగ్గర తప్పులు పెరుగుతున్నాయో చూసి గీత గీయండి.

అపోహ: అర్థం కాకపోతే అదే ప్రశ్న మళ్లీ అడిగితే సరి.
వాస్తవం: ఇక్కడే మనిషి ఫోన్ పెట్టేస్తాడు. అసలు మాటే రాకపోవడం వేరు, వచ్చినా పోల్చుకోలేకపోవడం వేరు. మొదటిదానికి కాస్త ఆగండి, రెండోదానికి ప్రశ్న మార్చండి: ‘తేజనా, చపాటానా?’ అప్పటికీ కుదరకపోతే అంకె నొక్కమనండి. రైతు ‘కాదు’ అన్న పేరును ఆ కాల్‌లో పక్కన పెట్టండి, లేదంటే అదే మళ్లీ వల్లిస్తుంది. రైతుకు మీ సేవ ధర చెప్పడానికి విడిగా నిర్ధారణ అక్కర్లేదు, ‘చపాటా ధర...’ అని మొదలుపెడితే తప్పు ఆయనే పట్టుకుంటాడు. సరుకు నమోదుకు మాత్రం తప్పక అడగాలి, ‘అవును’తో పాటు ‘ఆఁ’, ‘ఊఁ’, ‘గదే’ కూడా ఒప్పుకోవాలి.