నొప్పి గోలీ గురించి మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలు

హనుమకొండలో మందుల షాపు నడుపుతున్నాను. నాట్లప్పుడు, పత్తి ఏరే రోజుల్లో ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "నడుము లేస్తలేదు బిడ్డా, గట్టి గోలీ ఇయ్యి." ఆ గట్టి గోలీ అంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటిది. నొప్పితో పాటు వాపునూ తగ్గిస్తుంది. మంచి మందే. కానీ దాని మీద ఉన్న కొన్ని నమ్మకాలు చూస్తే నాకు భయమేస్తుంది.

అపోహ: గోలీ అయితే కడుపులో పుండు పడుతుంది, సూది అయితే ఏమీ కాదు.

వాస్తవం: మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. కీలు దగ్గర నొప్పి, వాపు పెంచేవి అవే. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. ఈ మందు వాటి తయారీని కీలు దగ్గరే కాదు, ఒళ్లంతా తగ్గిస్తుంది. సూది వేసినా మందు రక్తంలోకే పోతుంది కదా, కాబట్టి కడుపుకు ముప్పు తప్పదు. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అపోహ: గ్యాస్ గోలీ తోడుంటే ఎన్ని నెలలైనా వాడుకోవచ్చు.

వాస్తవం: గ్యాస్ గోలీ అంటే పాంటొప్రజోల్ లాంటిది. అది కాపాడేది కడుపును. కిడ్నీని కాదు. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఏప్రిల్, మే ఎండల్లో ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ అన్న నీళ్లు సరిగా తాగకుండా ఈ గోలీ వేసుకుంటే ఆ కాపుదల పోతుంది. బీపీకి టెల్మిసార్టన్ లాంటివి, వాటితో పాటు మూత్రం ఎక్కువ పోయే మందు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. బీపీ కూడా పెరుగుతుంది.

రాబందులు అంతరించే దశకు వచ్చింది ఈ డైక్లోఫెనాక్ వల్లే. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకున్న రాబందుల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. రాబందుకు చేసినంత కీడు మనిషికి చేయదు, నిజమే. కానీ దెబ్బ తగిలే చోటు మాత్రం అదే.

పరకాల వైపు నుంచి ఒక పెద్దమ్మ పాదాల వాపుతో వచ్చింది. సంచిలోవన్నీ చూపించమన్నాను. మూడు చోట్ల తీసుకున్న మూడు స్ట్రిప్పులు, మూడు పేర్లు. మూడింట్లోనూ ఎసిక్లోఫెనాకే! రోజుకు 200 మిల్లీగ్రాములు దాటొద్దు. ఆమె 600 వేసుకుంటోంది. అన్నీ ఆపించి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు చీటీ రాయించుకొమ్మని డాక్టరు దగ్గరికి పంపాను. స్ట్రిప్పు మీద పెద్దగా ఉన్న పేరు కాదు, దాని కింద చిన్నగా ఉన్న మందు పేరు చూడండి. చదవడం రాకపోతే అన్నీ తెచ్చి మా ముందు పెట్టండి, మేం చూస్తాం.

అపోహ: ఒక్క గోలీ మింగినా కిడ్నీ పోతుంది.

వాస్తవం: ఇదీ తప్పే. కిడ్నీ, గుండె, కడుపు జబ్బులు లేనివాళ్లు బెణుకుకో, పట్టేసిన మెడకో తిన్నాక మూడు నాలుగు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒక్క మోకాలే నొప్పి అయితే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. గోలీతో పోలిస్తే దాన్నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

పేరు లేని పొట్లాల్లో వచ్చే "ఆకు మందు" రాత్రికి రాత్రే నొప్పి తీసేస్తే, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. వాడకండి.

వానాకాలంలో జ్వరంతో ఒళ్లు నొప్పులు వస్తే మాత్రం డెంగీ కాదని తేలేదాకా ఈ గోలీలు ముట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అప్పుడు పారాసిటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులోనే.