నోటుపుస్తకాలు మార్చుకునే పిల్లలకు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సైన్సు ప్రాజెక్టు రాశాక నోటుపుస్తకాలు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దమంటున్నారని రాశారు. టీచరు తప్పు చూపిస్తే ఫరవాలేదు గానీ, పక్క బెంచీ వాడు చూపిస్తే ఒళ్లు మండుతోందని కూడా రాశారు. మండుతుంది, నిజమే. అయినా ఈ విషయంలో నేను మీ టీచరు వైపే. ఎందుకో చెబుతాను.

కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ అనే శాస్త్రవేత్తలు, తల్లిదండ్రుల లక్షణాలను పిల్లలకు మోసుకెళ్లే డీఎన్ఏ అణువు ఎలా ఉంటుందో తేల్చాలని పట్టుబట్టారు. 1951 చివర్లో ఒక నమూనా కట్టారు. మూడు పేటలు, ఫాస్ఫేట్లు (భాస్వరం ఉండే భాగాలు) లోపలివైపు. లండన్ నుంచి తోటి శాస్త్రవేత్తలను పిలిచి చూపించారు. వచ్చినవారిలో రోసలిండ్ ఫ్రాంక్లిన్ ఒకరు. ఆమె మొహమాటపడలేదు. ఫాస్ఫేట్ల చుట్టూ నీరు చేరుతుంది కాబట్టి అవి బయటివైపు ఉండాలన్నారు. డీఎన్ఏలో నీరు ఎంత ఉంటుందో అంతకు కొద్ది రోజుల ముందే ఆమె ఒక ప్రసంగంలో చెప్పారు. వాట్సన్ విన్నారు, కానీ రాసుకోలేదు, తప్పుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ నమూనా కథ అక్కడితో ముగిసింది.

ఆమె 'బాగాలేదు' అని వెళ్లిపోయి ఉంటే వాళ్లకు మిగిలేది అవమానం ఒక్కటే. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో చెప్పారు. తర్వాత కట్టిన సరైన నమూనాలో ఫాస్ఫేట్లు బయటే ఉన్నాయి.

రెండో సంగతి 1953 ఫిబ్రవరిలో జరిగింది. డీఎన్ఏలో అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అని నాలుగు రసాయన భాగాలు ఉంటాయి, వాటిని క్షారాలంటారు. ఒకే రకం క్షారాలు రెండేసి జతకడతాయని వాట్సన్ అనుకున్నారు. అదే గదిలో కూర్చునే జెర్రీ డోనహ్యూ అనే రసాయన శాస్త్రవేత్త అది చూసి, మీరు పాఠ్యపుస్తకం నుంచి తీసుకున్న ఆకారాలే తప్పు, హైడ్రోజన్ పరమాణువులు ఉండాల్సిన చోట లేవు అన్నారు. మిగతా పుస్తకాల్లోనూ ఇలాగే ఉందని వాట్సన్ ఎదురు చెప్పారు. డోనహ్యూ తగ్గలేదు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాత వాట్సన్ చేసిన పని. డోనహ్యూ చెప్పిన ఆకారాలతో అట్టముక్కలు కత్తిరించుకున్నారు. ఫిబ్రవరి 28 ఉదయం బల్లమీద వాటిని అటూ ఇటూ జరుపుతుంటే అడెనిన్ పక్కన థైమిన్, గ్వానిన్ పక్కన సైటోసిన్ చక్కగా కుదిరాయి. రెండు జతల ఆకారమూ ఒకటే! వెంటనే డోనహ్యూనే పిలిచి, ఈసారి అభ్యంతరం ఉందా అని అడిగారు. లేదన్నారు.

ఏప్రిల్ 25న 'నేచర్' పత్రికలో వచ్చిన వ్యాసంలో వాట్సన్, క్రిక్ ఇద్దరూ, డోనహ్యూ నిరంతరం ఇచ్చిన సలహాలకు, చేసిన విమర్శలకు రుణపడి ఉన్నామని రాసుకున్నారు. ఫ్రాంక్లిన్‌కు అంత న్యాయం జరగలేదు. ఆమె పర్యవేక్షణలో తీసిన డీఎన్ఏ ఎక్స్‌రే చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. 1958లో, 37 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. స్నేహితురాలి మాట వల్ల మీ ప్రాజెక్టు బాగుపడితే ఆమె పేరు అందులో రాయండి. మరచిపోవద్దు.

ఇక దిద్దే వంతు మీదైనప్పుడు 'సూపర్', 'చెత్త' లాంటి మాటలు రాయకండి. వాటితో చేసేదేమీ ఉండదు. శనగ మొలకల గ్రాఫు చూస్తున్నారనుకోండి: 'మూడో రోజు నుంచి ఐదో రోజుకు గీత ఒక్కసారిగా పైకి లేచింది, నాలుగో రోజు కొలత ఏది?' అని రాయండి. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి వెతుక్కుంటాడు. దొరకకపోతే మళ్లీ శనగలు నానబెడతాడు.

ఈసారి ఉత్తరంతోపాటు మీ ప్రాజెక్టు కాగితాలు కూడా పంపండి. వాటిమీద స్నేహితులు రాసినవి చెరపకండి. ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు ఒప్పుకోలేదో పక్కన మీ చేతిరాతతో రాయండి. నాకు అవే ముందు చదవాలని ఉంది.

మీ తాతయ్య